తీగ లేని కబురు

మా డాబా మీద ఒక తీగ కట్టి ఉన్నది. దాని ఒక కొస వెదురుగడకూ, రెండో కొస పెరట్లోని కొబ్బరిచెట్టుకూ కట్టాను. పొడవు ఇరవై మీటర్లు. కామవరపుకోటలో మా వీధి పిల్లలు చాలాకాలం అది బట్టలు ఆరవేసుకునే తీగ అనుకున్నారు. అయితే దాని మీద ఏనాడూ ఒక్క తుండుగుడ్డ అయినా కనిపించలేదు. ఈ సంగతి ఎదురింటి మనవరాలికి వింతగా తోచింది. ఆ పిల్ల అయిదో తరగతి చదువుతున్నది. ఒకనాడు నేరుగా వచ్చి అడిగేసింది.

"తాతగారూ, ఆ తీగ మీద బట్టలెందుకు ఆరెయ్యరండీ?"

"అది బట్టల కోసం కాదమ్మా, కబుర్లు పట్టటానికి," అన్నాను.

పిల్ల పకపకా నవ్వి, "కబుర్లకు ఫోను ఉన్నది కదండీ!" అన్నది.

"ఉన్నది. అది పలకని రోజు కోసం ఈ తీగ."

ఫోను పలకని రోజు ఒకటి ఉంటుందంటే ఆ పిల్ల నమ్మలేదు. అప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి ఒక కథ చెప్పాను. కథ అన్నానే గాని, అది మా ఇంట్లో జరిగినదే. మీకు కూడా చెబుతాను.

1977 నవంబరు 19వ తేదీ శనివారం. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మాది మెట్టప్రాంతం, సముద్రానికి దూరం. అయినా ఆ రోజు మా ఊళ్ళో కూడా గాలి ఈడ్చి కొట్టింది. పెంకులు లేచిపోయాయి, చెట్లు కూలాయి. పొద్దున్నకు గాలి తగ్గింది. "గండం గడిచింది," అనుకున్నాం. తరువాత రేడియోలో వార్త విన్నాం. కృష్ణాజిల్లాలో దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిందని, ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయని చెప్పారు. మా అక్కను ఇచ్చింది ఆ దివిసీమలోనే, అవనిగడ్డ అవతలి ఒక చిన్న పల్లెలో.

ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారని తరువాత లెక్క తేల్చారు. అంతకు మించే పోయారని చూసినవాళ్ళు అంటారు. కాని ఆ నాలుగు రోజులూ మాకు ఏ లెక్కలూ తెలియవు. మాకు కావలసినది ఒక్క మనిషి సంగతి. నాన్న రోజుకు రెండుసార్లు టపా కచేరీకి వెళ్ళి వచ్చేవాడు. తంతి స్తంభాలు పడిపోయాయి, తీగలు తెగిపోయాయి, ఆ వైపు నుంచి ఏ కబురూ రావటం లేదనేవారు. అమ్మ పొయ్యి వెలిగించటం మానేసింది. మా నాయనమ్మ మాత్రం వీధి అరుగు మీద కూర్చుని దారి వైపే చూసేది. అక్కను చిన్నప్పటి నుంచీ తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది ఆమే. అప్పటికే ఆమెకు ఆయాసం. వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ, "పిల్ల బతికున్నదా?" అని అడిగేది.

మంగళవారంనాడు నాన్నా నేనూ బయలుదేరాము. బస్సు దొరికిన చోట బస్సు, లారీ దొరికిన చోట లారీ, ఏదీ లేని చోట నడక. దారి పొడుగునా పడిపోయిన తాళ్ళూ, చచ్చిన పశువులూ. శుక్రవారం మధ్యాహ్నానికి అక్క ఊరు చేరాము. చేరామన్న మాటే గాని అక్కడ ఊరు లేదు. పక్క ఊరి బడి ఒక్కటే పక్కా కట్టడం. అందులో వంద మంది తలదాచుకుని ఉన్నారు. వారిలో అక్కా, బావా ఉన్నారు. బావ తల్లిగారు ఆ రాత్రి నీళ్ళలో కొట్టుకుపోయింది.

నాన్న అక్కను పట్టుకుని ఏడ్చాడు. తరువాత కళ్ళు తుడుచుకుని, "ఇంటికి కబురు పంపాలిరా," అన్నాడు. ఎలా పంపటం? స్తంభాలన్నీ నేల మీద ఉన్నాయి. చివరకు ఒక కాగితం ముక్క మీద "అమ్మాయి క్షేమం" అని రాసి, బియ్యం దించి తిరిగి పోతున్న ఒక లారీ డ్రైవరు చేతికి ఇచ్చాడు. ఏలూరు వెళ్ళేవాళ్ళెవరికైనా అందిస్తే వాళ్ళు మా ఊరు చేరుస్తారని ఆశ. మేము అక్కడే రెండు రోజులు ఉండి, బావకు చేతనైన సాయం చేసి, అక్కను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాము. ఇల్లు చేరేసరికి బుధవారం అయింది.

నాయనమ్మ మంగళవారం పోయింది.

అక్క బతికి ఉన్నదని మాకు తెలిసిన తరువాత నాయనమ్మ నాలుగు రోజులు బతికి ఉన్నది. ఆ నాలుగు రోజులూ ఆమె, "పిల్ల బతికున్నదా?" అని అడుగుతూనే ఉన్నదట. జవాబు మాతోపాటు నడిచి వచ్చింది. అంతకంటె వేగంగా దానిని పంపే మార్గం మాకు లేకపోయింది. నాన్న రాసిన కాగితం ముక్క మరి రెండు రోజులకు ఎవరో తెచ్చి ఇచ్చారు. అమ్మ దానిని దేవుడి పటం వెనక దాచింది.

తరువాత నేను చదువు ముగించి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పసాగాను. విద్యుదయస్కాంత తరంగాల పాఠం ఏటా చెప్పేవాణ్ణి. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుందని నల్లబల్ల మీద రాసేవాణ్ణి. దివిసీమ నుంచి మా ఊరికి రావటానికి దానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదని లెక్క కట్టవచ్చు. కాని ఎందుచేతనో నేనే ఆ లెక్క ఎన్నడూ కట్టలేదు.

1999 నవంబరులో ఒక సంగతి జరిగింది. అప్పటికి కొద్ది రోజుల కిందట, అక్టోబరు 29న, ఒరిస్సాలో మహా తుపాను వచ్చి వేలాది మంది చనిపోయారు. నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుండగా వెనకబల్ల నుంచి టక్కు, టక్కుటక్కు అని చప్పుడు వచ్చింది. ఒక కుర్రవాడు పెన్సిలుతో బల్ల మీద కొడుతున్నాడు. దగ్గరకు వెళ్ళి చూస్తే వాడి ముందు ఒక నోటుపుస్తకం, దాని నిండా చుక్కలూ గీతలూ ఉన్నాయి.

"ఏమిట్రా ఇది?"

"మోర్సు సంకేతాలండి. మా మేనమామ నేర్పుతున్నాడండి. ఒరిస్సాలో ఫోన్లన్నీ పోతే హామ్‌లు వెళ్ళి కబుర్లు అందిస్తున్నారటండి మాస్టారూ."

"పరీక్షలో ఈ చుక్కలకు మార్కులు వెయ్యరు," అని ఆ పుస్తకం లాక్కుని నా బీరువాలో పడేశాను. క్లాసంతా నవ్వింది. కుర్రవాడు తల వంచుకున్నాడు. కబురు అందక మనిషి పోయిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. వాడు చెప్పిన మాట అందరికన్నా ముందు నాకు వినిపించి ఉండవలసింది. కాని వినిపించలేదు. బల్ల మీద చప్పుడే వినిపించింది.

పదిహేనేళ్ళు గడిచాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. అప్పటికి ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉన్నది. తంతి మాత్రం లేదు. 2013 జూలైలోనే ఆ సేవ ఆగిపోయింది. మా ఎదురింటి అమ్మగారి పెద్దకొడుకు కాపురం విశాఖలోనే. ఆ ఆదివారం నుంచి ఫోను చేస్తే పలకదు. సోమవారం కూడా పలకలేదు. మంగళవారం పొద్దున్న ఆమె వచ్చి, "మాస్టారుగారండీ, ఎవరినన్నా అడిగి చూడండి బాబూ," అన్నది. ఆమె ముఖం చూస్తే నాకు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది.

అదే సమయంలో ఆ నోటుపుస్తకం కుర్రవాడు కూడా జ్ఞాపకం వచ్చాడు. వాడు తాడేపల్లిగూడెంలో లెక్చరరుగా ఉన్నాడని, ఇంటి మీద పెద్ద ఏరియలు కట్టాడని ఎవరో చెప్పగా విన్నాను. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాము. వాడు మమ్మల్ని మేడ మీది చిన్నగదిలోకి తీసుకుపోయాడు. బల్ల మీద అట్టపెట్టె అంత యంత్రం, కింద కారు బ్యాటరీ. అంతే! ఇంతటి పనికి ఏవో గొప్ప సామగ్రి ఉంటుందనుకున్న నాకు కొంచెం నిరుత్సాహం కలిగింది.

నేను కాగితం తీసుకుని, ఆమె చెప్పినదంతా ఒక పేజీ నిండా రాశాను. వాడు అది చదివి, "మాస్టారూ, ఇది ఉత్తరమండి. మనం పంపవలసింది కబురండి," అని, అంతా కొట్టివేసి, పేరూ, చిరునామా, "క్షేమమా, అమ్మ అడుగుతున్నది" అన్న మాటలూ మాత్రం ఉంచాడు. పదేళ్ళు ప్రధానోపాధ్యాయుడుగా ఉండి ఎందరి వ్యాసాలో దిద్దాను. నా వ్యాసం దిద్దినవాడు వాడొక్కడే.

యంత్రం పెట్టాడు. గరగరమనే చప్పుడు మధ్య మనుషుల గొంతులు వినిపించాయి. వాడు చెవులకు తగిలించుకుని కూర్చున్నాడు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట గడిచింది. నోరు మెదపడు.

"మాట్లాడవేమిరా?" అన్నాను, పాత అలవాటు చొప్పున.

"ఇప్పుడు వినాలండి. ఆసుపత్రి జనరేటరుకు డీజిలు కావాలట. ఆ కబురు నడుస్తున్నది. అది అయ్యాక తాగేనీళ్ళ కబురు ఉన్నది. మన వంతు తరువాతండి."

అప్పుడు నాకు ఆ పద్ధతి అర్థమయింది. ఆ దారిలో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది. అందుకని అందరికీ పెద్దగా ఒకరుంటారు. ఆయన పిలిచినవాడే మాట్లాడాలి. ప్రాణం మీదికి వచ్చిన కబురు ముందు, క్షేమ సమాచారాలు తరువాత. మిగిలినవారు ఎన్ని గంటలైనా సరే, చెవి ఒగ్గి ఊరుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా క్లాసులో, "నిశ్శబ్దం!" అని అరిచాను. అసలు నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆనాడు చూశాను.

గంటన్నర తరువాత మా వంతు వచ్చింది. వాడు పేరును ఒక్కొక్క అక్షరంగా, ఇంటి నెంబరును ఒక్కొక్క అంకెగా చెప్పాడు. అవతలివాడు అదంతా తిరిగి అప్పజెప్పాడు. ఒక అంకె తప్పు పోతే దిద్దాడు. మొత్తం ఒక్క నిమిషం. మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటలకు వాడు మా ఇంటికి ఫోను చేశాడు. "జవాబు వచ్చిందండి మాస్టారూ. రాసుకోండి. ముగ్గురం క్షేమం. కిటికీలు పోయాయి. నీళ్ళు అందుతున్నాయి."

నేను వీధి దాటి వెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. ఆమె గుమ్మంలోనే కూలబడి, కొంగు మొహాన కప్పుకున్నది. కొంతసేపటికి లేచి, "ఆకలేస్తున్నదండీ," అన్నది. ఆదివారం నుంచీ ఆమె అన్నం తినలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. ఆ చిన్న కబురు ఆమె ఆకలిని తిరిగి తెచ్చింది. మా నాయనమ్మకు అందవలసిన కబురు కూడా అంత చిన్నదే.

ఇక్కడి దాకా విని మా చిన్నపిల్ల, "సెల్‌ఫోను పలకకపోతే ఆ రేడియో ఎలా పలికిందండీ?" అని అడిగింది. మంచి ప్రశ్న. పిల్లలూ, మీరూ వినండి.

మీరు ఫోనులో మాట్లాడితే మాట తిన్నగా అవతలి ఫోనుకు పోదు. ముందు దగ్గరలో ఉన్న టవరుకు పోతుంది. అక్కడి నుంచి భూమిలోని తీగల ద్వారానో, మరొక టవరు ద్వారానో కేంద్రానికి చేరి, మళ్ళీ అవతలి ఊరి టవరుకు వస్తుంది. గాలివానకు టవరు కూలినా, తీగ తెగినా ఈ గొలుసులో ఒక లంకె ఊడినట్టే. కరెంటు పోతే టవరు కొన్ని గంటలు బ్యాటరీల మీద నడుస్తుంది. ఆ తరువాత డీజిలు పోయాలి. దారిలో చెట్లు పడి ఉంటే డీజిలు తెచ్చేదెవరు? పైగా ఆపద వచ్చినప్పుడు లక్షల మంది ఒకేసారి ఫోను చేస్తారు. సంతరోజున ఇరుకు గుమ్మంలో అందరూ ఒకేసారి దూరబోయినట్టు, ఎవరూ లోపలికి పోలేరు.

హామ్ రేడియోకు నడుమ ఎవరూ అక్కర్లేదు. ఇక్కడొక యంత్రం, అక్కడొక యంత్రం, రెంటికీ చెరొక తీగా, చెరొక బ్యాటరీ చాలు. బ్యాటరీని సౌరఫలకంతో నింపుకోవచ్చు. మరి మధ్య కొండలున్నాయి, భూమి గుండ్రంగా ఉన్నది. తరంగం అవతలికి ఎలా పోతుంది?

దీనికి రెండు దారులు. పొట్టి తరంగాలు చూపు లాగా తిన్నగా పోతాయి. గంపెడంత ఎత్తు చెట్టు అడ్డమున్నా నీరసిస్తాయి. అందుచేత ఎంత ఎత్తున ఉంటే అంత దూరం పోతాయి. మా మండలంలోనే గుంటుపల్లి కొండ ఉన్నది కదా, పూర్వం బౌద్ధ భిక్షువులు గుహలు తొలిచిన చోటు. నా చేతిసెట్టు శక్తి 5 వాట్లు, అంటే ఒక రాత్రిదీపం బల్బు అంత. మా అరుగు మీద నుంచి దానితో పిలిస్తే ఊరి పొలిమేర దాటదు. కాని ఆ కొండ మీదికి ఎక్కి పిలిస్తే ఏలూరు వైపు నుంచి జవాబు వచ్చింది. కొల్లేటి లంకల వంటి బల్లపరుపు నేల మీద ఈ పొట్టి తరంగాలు ఎంతో ఉపయోగం. ఒక పొడుగు గడ దొరికితే చాలు, పడవలో ఉన్నవాడితోనూ మాట్లాడవచ్చు.

పొడుగు తరంగాల దారి వేరు. భూమికి చాలా ఎత్తున, సుమారు 60 కిలోమీటర్ల నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా, ఎండ తాకిడికి విద్యుత్కణాలుగా మారిన పలచని పొరలు ఉన్నాయి. వీటిని ఐనో ఆవరణం అంటారు. పొడుగు తరంగాలను పైకి పంపితే ఈ పొరలు వాటిని వంచి మళ్ళీ కిందికి దించుతాయి. తోటలో గొట్టం పైకి పట్టుకుంటే నీళ్ళు పైకి లేచి చుట్టూ పడతాయి చూడండి, అలాగ. తాడేపల్లిగూడెం నుంచి మా కబురు ఆకాశానికి ఎక్కి, విశాఖలో దిగింది. మధ్య ఏ టవరు కూలితే దానికేమిటి?

లెక్కలంటే ఇష్టమున్నవారికి ఒక చిన్న లెక్క. 300ను మెగాహెర్ట్‌జుల సంఖ్యతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 7 మెగాహెర్ట్‌జులకు సుమారు 43 మీటర్లు. ఏరియలు అందులో సగం ఉండాలి. ఆచరణలో ఇంకొంచెం తగ్గించి 20 మీటర్లు కడతాము. మా డాబా మీది తీగ పొడవు సంగతి ఇప్పుడు తెలిసింది గదా!

ఈ పని చేసేవారిని హామ్‌లు అంటారు. దీనికి జీతం లేదు. డబ్బు తీసుకుని కబుర్లు పంపకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు ప్రసారం చేయకూడదు. సరదా కోసం, శాస్త్రం నేర్చుకోవటం కోసం చేసే పని ఇది. ప్రధానిగా ఉన్న రాజీవ్ గాంధీ కూడా హామ్. మన దేశపు హామ్‌ల పిలుపు గుర్తులు ఎక్కువగా "వీయూ" అనే అక్షరాలతో మొదలవుతాయి. ఆయన గుర్తు వీయూ2ఆర్‌జీ. 1983లో హైదరాబాదులో ఎస్. సూరిగారు జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను నెలకొల్పారు. హామ్‌ల కోసమని మనవాళ్ళు హామ్‌శాట్ అనే 42 కిలోల చిన్న ఉపగ్రహాన్ని కూడా చేసి, 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే పంపారు. అది 2014 దాకా పనిచేసింది.

సరదా సేవగా ఎలా మారుతుందో తెలియాలంటే భారతీ ప్రసాద్‌గారి సంగతి వినాలి. అండమాన్ దీవుల నుంచి చాలా ఏళ్ళుగా హామ్‌ల పిలుపు లేదు. ప్రపంచంలోని హామ్‌లందరికీ ఆ దీవులతో ఒక్కసారి మాట్లాడాలని కోరిక. హైదరాబాదు సంస్థ పక్షాన ఆమె అనుమతి సంపాదించి, కొందరిని వెంటబెట్టుకుని 2004 డిసెంబరులో పోర్టుబ్లెయిరు వెళ్ళారు. రాత్రింబగళ్ళు దేశదేశాల వారితో మాట్లాడారు. అదంతా వేడుక.

డిసెంబరు 26 తెల్లవారుజామున సుమారు ఆరున్నరకు ఆమె యంత్రం దగ్గర ఉండగానే భూమి కంపించింది. ఆ వెంటనే సునామీ వచ్చింది. దీవుల ఫోన్లు మూగబోయాయి. వేడుక కోసం తెచ్చిన యంత్రాలే ఆ క్షణం నుంచి ఆపద్బంధువులయ్యాయి. ఆమె బయట యంత్రం అమర్చి, ప్రధాన భూభాగంలోని హామ్‌లను పిలిచి, అక్కడి సంగతులు చెప్పారు. హామ్‌లలో కొందరు ఎంతో దెబ్బతిన్న కార్ నికోబార్ దీవికి వెళ్ళి అక్కడ మరొక యంత్రం పెట్టారు. ఎవరు బతికున్నారు, ఎవరు ఎక్కడున్నారు అనే కబుర్లు రోజుల తరబడి నడిచాయి. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది నాయనమ్మలు ఆ కబుర్లు విని అన్నం తిన్నారో!

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆపద వచ్చిన రోజున యంత్రం కొని, మర్నాడు నేర్చుకుందామంటే కుదరదు. ఏ ఆపదా లేని రోజుల్లో, ఊరికే సరదాగా రోజూ సాధన చేసినవాడే ఆనాడు పనికి వస్తాడు. నేను ఆ కుర్రవాడి పుస్తకం లాక్కున్నప్పుడు వాడు చేస్తున్నది ఆ సాధనే.

విశాఖ కబురు వచ్చిన తరువాత నేను సిగ్గు విడిచి వాడితో, "నీ నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉన్నదిరా," అన్నాను.

వాడు నవ్వి, "ఉండనివ్వండి మాస్టారూ. అందులోవన్నీ నాకు వచ్చేశాయండి," అన్నాడు.

అందువల్ల ఆ పుస్తకం నాకే వాచకమయింది. 2020లో ఉద్యోగం విరమించిన తరువాత వెతికి బయటికి తీశాను. తొమ్మిదో తరగతి దస్తూరీలో చుక్కలూ గీతలూ. శిష్యుడి పుస్తకం పెట్టుకుని గురువు చదవసాగాడు. వేళ్ళు మొండికేశాయి, చెవి పట్టలేదు. రోజూ అరగంట చొప్పున ఏడాది పట్టింది. పరీక్ష హాల్లో నా పక్కన ఒక హైస్కూలు పిల్ల కూర్చున్నది. నాకంటె ముందే రాసి లేచిపోయింది. ఏమైతేనేం, ఇద్దరమూ నెగ్గాము. కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది. అది లేకుండా ప్రసారం చేయటం నేరమని మరిచిపోకండి.

లైసెన్సు అక్కర్లేని ఆట ఒకటి చెబుతాను. చేతిదీపం తీసుకోండి. చటుక్కున వెలిగించి ఆర్పితే చుక్క. దానికి మూడింతలసేపు ఉంచితే గీత. ఒక చుక్క "ఈ", ఒక గీత "టీ". చుక్కా గీతా "ఏ", గీతా చుక్కా "ఎన్". మూడు చుక్కలు "ఎస్", మూడు గీతలు "ఓ". ఈ ఆరూ వస్తే చిన్న చిన్న మాటలు పంపవచ్చు. మీరు ఒక డాబా మీద, మీ నేస్తం మరొక డాబా మీద నిలబడండి. నేస్తం పంపినంతసేపూ మీరు పంపకూడదు. చూడాలి. తరువాత దానిని తిరిగి అప్పజెప్పాలి. ఇదే అసలు పాఠం. పంపటం నాలుగు రోజుల్లో వస్తుంది. వినటానికి ఎక్కువ రోజులు పడుతుంది.

ఎదురింటి పిల్ల వారంలో ఆ ఆరు అక్షరాలూ పట్టేసింది. ఒక వానరాత్రి కరెంటు పోయింది. ఎదురు డాబా మీది రేకుల పందిరి కింద దీపం మినుకు మినుకుమన్నది. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు. అంటే "ఎస్.ఓ.ఎస్." ఆపద అని పిలుపు! నేను చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పరుగెత్తాను. పిల్ల మెట్ల మీద నిలబడి నవ్వుతున్నది.

"ఏమమ్మా, ఏమయింది?"

"ఏమీ కాలేదండీ. మీరు చూస్తారో లేదోనని."

నేను కోప్పడలేదు. వెనకటి తప్పు నాకు జ్ఞాపకమున్నది. పక్కన కూర్చుని, "అమ్మా, నిజంగా ఆపద లేనప్పుడు ఆ మూడక్షరాలు ఎన్నడూ పంపకూడదు. ఇవాళ ఆటకు పంపితే, రేపు నిజంగా పంపినప్పుడు ఎవరూ లేవరు," అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు ఆ నోటుపుస్తకం తెచ్చి, చివరి పుట చూపించాను. హామ్‌లు సెలవు పుచ్చుకునేటప్పుడు 73 అనే అంకె పంపుతారు. శుభాకాంక్షలని దాని అర్థం. రెండు గీతలు మూడు చుక్కలు, మూడు చుక్కలు రెండు గీతలు. అద్దంలో చూసినట్టు ఉంటుంది.

ఇప్పుడు నేను రోజూ పొద్దున్నే యంత్రం దగ్గర కూర్చుంటాను. మాట్లాడుకునేవన్నీ చిన్న చిన్న సంగతులే. మీ ఊళ్ళో వాన పడిందా, మీ దగ్గు తగ్గిందా, నా గొంతు ఎలా వినిపిస్తున్నది. వినేవాళ్ళకు పనిలేని కబుర్లలాగే ఉంటాయి. కాని ఏ బ్యాటరీ బాగున్నదో, ఎవరి తీగ తెగిందో, ఏ వేళకు ఏ దారి తెరుచుకుంటుందో ఆ కబుర్లలోనే మాకు తెలుస్తూ ఉంటుంది. అక్క దివిసీమలో మనవలతో క్షేమంగా ఉన్నది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా నేను అందరికంటె ముందు ఆమెకు ఫోను చేస్తాను. ఫోను పలుకుతున్నంతకాలం సంతోషమే. పలకని రోజున ఇంటి మీద తీగ ఉన్నది.

నిన్న రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. ఎదురు డాబా మీద దీపం వెలిగింది. రెండు గీతలు మూడు చుక్కలు, మూడు చుక్కలు రెండు గీతలు. నేను పూర్తిగా అయ్యేదాకా చూసి, నా దీపం తీసుకుని, అదే తిరిగి అప్పజెప్పాను.